మాఘ పౌర్ణమికి అండమాన్‌లో

మా అత్తయ్య బీరువాలో అడుగు అరన ఒక చిన్న టేకు పెట్టె ఉంటుంది. మూత మీద ఇత్తడి పువ్వు, ఒక మూల కాలిన మచ్చ. ఆమె తండ్రిగారు 16 ఏళ్ల వయసులో గోపాలపురం రేవులో ఓడ ఎక్కి రంగం వెళ్లారు. మా గంజాం, శ్రీకాకుళం తీరం నుంచి ఆ రోజుల్లో బతుకుతెరువు కోసం వేలమంది అలాగే వెళ్లారు. రంగూన్ అనేవారు కాదు, రంగం అనే అనేవారు. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు ఆయన కాలినడకన కొండలు దాటి, అస్సాం మీదుగా ఇల్లు చేరుకున్నారు. చేతిలో మిగిలింది ఆ పెట్టె ఒక్కటే.

పోయిన దసరాకి బరంపురంలో, బడా బజారు ఇంట్లో, అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు “ఈసారి ఏదైనా దీవికి వెళ్దాం” అని పిల్లలు పట్టుబట్టారు. అత్తయ్య మజ్జిగ పోసుకుంటూ, “వెళ్తే సముద్రం దాటి వెళ్దాం. మా నాన్న దాటిన సముద్రం నేనూ ఒకసారి దాటుతాను” అంది. ఆమెకు 72 ఏళ్లు. ఇంతవరకు తనకోసం ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ మాటతో ప్రయాణం ఖాయమైంది. ఎక్కడికి, ఎలా అన్నదే మిగిలింది.

మా అమ్మాయి మాల్దీవులు అంది. నీళ్ల మీద కట్టిన గదుల ఫోటోలు చూపించింది. వీసా ముందుగా తీసుకోనక్కరలేదు, అక్కడ దిగాక ఇస్తారు. కానీ మా ఆరుగురిలో పాస్‌పోర్టు ఉన్నది ఇద్దరికే. పైగా మాలేలో విమానం దిగాక రిసార్టుకి వెళ్లాలంటే స్పీడుబోటు గానీ సీప్లేన్ గానీ ఎక్కాలి, దాని ఖర్చు వేరు. మావారు లక్షద్వీప్ అన్నారు. అక్కడికి అనుమతిపత్రం కావాలి, అదీ కొచ్చి నుంచి వెళ్లాలి. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌కి, హేవ్‌లాక్, నీల్ దీవులకి మనవాళ్లకు అనుమతి అక్కరలేదు, ఆధార్ కార్డు చాలు. అత్తయ్య సముద్రమూ అదే. ఇంక మాట లేకుండా ఒప్పుకున్నాం.

ఆమె మనసులో అయితే ఓడ ఉంది. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ వెళ్తుంది గానీ చాలా అరుదు, దాదాపు మూడు రోజుల ప్రయాణం. మోకాళ్ల నొప్పితో అన్ని రోజులు ఊగే ఓడలో ఆమెను ఉంచడానికి నాకు ధైర్యం చాలలేదు. వెళ్లడం విమానంలో, దీవుల మధ్య మాత్రం ఓడలో అని చెప్పి ఒప్పించాను.

ఇలాంటి ప్రయాణానికి చాలామంది ముందు రిసార్టు చూసుకుంటారు, ఆ తర్వాత మిగతావి. నేను పంచాంగం ముందు పెట్టుకున్నాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతాన్ని నమ్మలేం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా పెరటి కొబ్బరిచెట్లు రెండూ వంటింటి మీద పడ్డాయి. అదే తుపాను అంతకు ముందు అండమాన్ దీవుల మీదుగా వచ్చింది. అందుకని సంక్రాంతి దాటాకే అనుకున్నాం. పిల్లల పరీక్షలకు ముందు మాఘ పౌర్ణమి పడింది. ఆ రోజు సముద్రస్నానం చేయాలని అత్తయ్య కోరిక. తేదీ అలా కుదిరింది.

అక్కడి నుంచి వెనక్కి లెక్క వేశాను. తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. హేవ్‌లాక్ నుంచి వచ్చే ఓడకీ ఆ విమానానికీ మధ్య ఒక రోజు పూర్తిగా ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ రోజు కోసం నీల్ దీవిని వదిలేశాం. మావారికి అది నచ్చలేదు, “అంత దూరం వెళ్లి చూడకుండా వస్తామా” అన్నారు. నేను వినలేదు. విమానం టికెట్లు, తర్వాత ఓడ టికెట్లు, అన్నిటికంటే ఆఖరున గదులు తీసుకున్నాం.

గదుల కోసం ఫోను చేసినప్పుడు అడిగినవి ఇవి: కింది అంతస్తేనా, గుమ్మం ముందు మెట్లు ఎన్ని, మరుగుదొడ్డి ఏ రకం, స్నానాల గదిలో నేల జారుతుందా. ఫోటోలో మంచం కనిపిస్తుంది గానీ మెట్లు కనిపించవు. హేవ్‌లాక్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉందని, పెద్ద ఆసుపత్రి కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌కే రావాలని తెలుసుకుని, అత్తయ్య బీపీ మాత్రలు రెండు చోట్ల సర్దాను, సగం నా సంచిలో, సగం ఆడపడుచు సంచిలో. అడగవలసిన ఒక్క ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. అది నాలుగో రోజున తెలిసింది.

మొదటి రోజు, రెండో రోజు

ఆడపడుచు పర్లాకిమిడి నుంచి పొద్దున్నే వచ్చేసింది. రాత్రి బరంపురం స్టేషనులో కోరమండల్ ఎక్కాం. మర్నాడు సాయంత్రానికి చెన్నై. మధ్యలో చెప్పుకోవలసింది పెద్దగా ఏమీ లేదు. పులిహోర విజయవాడ దాకా వచ్చింది. సామాను మాత్రం ఇంటి దగ్గరే తూచుకుని బయలుదేరాం, విమానంలో మనిషికి 15 కిలోలే కనుక. ఆవకాయ సీసా చేతి సంచిలో రానివ్వరని తెలిసి, మూడు పొరల కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టాను. బరంపురం వాళ్లం అప్పడాలూ ఊరగాయలూ లేకుండా ఊరు దాటం.

మూడో రోజు

చెన్నై నుంచి రెండు గంటలకు పైగా నీళ్ల మీదే ఎగిరాం. కిటికీ పక్క సీటు అత్తయ్యది. కింద అంతా ఒకటే నీలం. ఆమె చాలాసేపు చూసి, “ఎంత సముద్రం! మా నాన్న డెక్కు మీద పడుకుని వెళ్లారట” అంది. అంతకంటే ఏమీ అనలేదు.

పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. ఊళ్లో మాత్రం రెండు పేర్లూ వినిపిస్తున్నాయి. విమానాశ్రయం బయట పెద్ద ఆటో మాట్లాడుతుంటే, మా మాట విన్న డ్రైవరు “మీది ఏ ఊరమ్మా” అని తెలుగులో అడిగాడు. అతనిది ఇచ్ఛాపురం దగ్గరి డొంకూరు. మా ఊరికి ముప్పై కిలోమీటర్లు ఉంటుందేమో! శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయని, తన మేనమామ పిలిస్తే తానూ వచ్చానని చెప్పాడు. ఆ రోజంతా అతనే మమ్మల్ని తిప్పాడు.

మధ్యాహ్నం సెల్యులార్ జైలుకి వెళ్లాం. 1896లో మొదలుపెట్టి 1906లో కట్టడం పూర్తి చేశారు. నడిమి బురుజు నుంచి ఏడు వరసలు చక్రం ఆకుల్లా ఉండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. అత్తయ్య మెట్లు ఎక్కలేక ఆవరణలోని రావిచెట్టు దగ్గర కూర్చుంది. మా చిన్నవాడికి ఏడేళ్లు. వాడిని తీసుకుని నేను పైకి వెళ్లాను.

ఒక గది దగ్గర వాడు లోపలికి వెళ్లి నిలబడ్డాడు. తలుపు ఇనుప కమ్మీలది. గడియ తలుపు మీద లేదు. తలుపు పక్క గోడలో, చేయి పట్టేంత గూడు చేసి, ఆ గూట్లోకి గడియ కర్ర సాగేలా అమర్చారు. వాడు కమ్మీల మధ్య నుంచి చేయి చాపాడు. భుజం దాకా బయటికి పెట్టి వేళ్లు సాగదీశాడు. అందలేదు. “నాన్న చేయి అయితే అందుతుందా” అన్నాడు. మావారు లోపలికి వెళ్లి ప్రయత్నించారు. ఆయనకూ అందలేదు. అందకూడదనే అలా కట్టారు.

అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను ఈ అండమాన్‌కే పంపారు. ఆయన తిరిగి వచ్చి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కిందికి దిగాక పిల్లలకు అది చెప్పాను. చిన్నవాడు భుజం రుద్దుకుంటూ విన్నాడు.

సాయంత్రం అయిదున్నరకే చీకటి పడింది. గడియారం మనదే అయినా, సూర్యుడు మనకంటే దాదాపు అరగంట ముందు ఉంటాడు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు భోజనం, నిద్ర కూడా ముందుకు జరుపుకోవడం మేలు.

నాలుగో రోజు

పొద్దున ఓడకు అరగంట ముందు అందరం వాంతుల మాత్ర వేసుకున్నాం. ఓడలో ఊపు తక్కువ ఉండేది మధ్య వరసల్లో, కింది భాగంలో. అత్తయ్యకు అక్కడే సీటు తీసుకున్నాం. రెండు గంటల లోపే హేవ్‌లాక్. 2018 నుంచి దీని పేరు స్వరాజ్ ద్వీప్. ఊళ్ల పేర్లు మాత్రం గోవింద్‌నగర్, విజయ్‌నగర్, రాధానగర్, శ్యామ్‌నగర్. తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్లకు ఇక్కడ భూములిచ్చారు. వాళ్లు తమ దేవుళ్ల పేర్లు పెట్టుకున్నారు.

భోజనాలు చేసి, కాసేపు పడుకుని లేచి, మూడు గంటలకు పిల్లలు తువాళ్లు భుజాన వేసుకుని గది ముందున్న తీరానికి పరిగెత్తారు. వెంటనే తిరిగి వచ్చారు. సముద్రం లేదు. ఫోటోలో గుమ్మం ముందు కనిపించిన ఆకుపచ్చ నీళ్లకు బదులు చాలా దూరం దాకా నల్లటి రాళ్లు, బురద ఇసుక, మధ్యలో చిన్న చిన్న మడుగులు. రెండు పడవలు పక్కకు ఒరిగి ఉన్నాయి. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు నెలలుగా ఈ ఫోటోనే చూసుకుంటోంది.

ఫోనులో నేను అడగని ప్రశ్న అది, ఆటుపోట్ల సంగతి. గోపాలపురంలో ఎప్పుడు వెళ్లినా అలలు కాళ్ల దగ్గరే ఉంటాయి, అందుకని తోచలేదు. హేవ్‌లాక్ తూర్పు తీరంలో నీళ్ల లోతు తక్కువ. రిసార్టులు ఎక్కువగా ఇటువైపే ఉన్నాయి. ఆటు వేళ నీళ్లు వెనక్కి పోయి, అడుగున ఉన్న రాళ్లూ పగడాలూ బయటపడతాయి. అప్పుడు అక్కడ ఈదడం కుదరదు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు, ప్రతి రోజూ అది ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఇక్కడ పోటు ఉదయం పది ప్రాంతంలో, ఆటు సాయంత్రం నాలుగు ప్రాంతంలో వస్తాయి. ఇవన్నీ గది చూపించిన కుర్రాడు చెప్పాడు. గదికి డబ్బు కట్టించుకునే ముందు చెప్పవలసిన మాట అది. ఫోటో తీసిన వేళ ఏదో కూడా ఫోటో కింద రాయాలి. ఆ మాట వాళ్ల పుస్తకంలో రాసి వచ్చాను.

సాయంత్రం జీపు మాట్లాడుకుని దీవికి పడమర ఉన్న రాధానగర్ వెళ్లాం. అక్కడ రాళ్లు లేవు. పొడి పిండిలాంటి తెల్లటి ఇసుక, తీరం వెంబడి సీ మహువా అనే పెద్ద చెట్లు, వాటి కింద బెంచీలు. 2020లో దీనికి, శుభ్రంగా భద్రంగా ఉండే తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. పిల్లలు తనివితీరా నీళ్లలో ఆడారు. సూర్యుడు దిగగానే కాపలా వాళ్లు ఈల వేసి అందరినీ ఒడ్డుకు రమ్మన్నారు. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. బోర్డులు చదివి, ఈల విని నడుచుకోవలసిందే. చీకటి పడుతుండగా ఇసుక ఈగలు కుట్టడం మొదలైంది. కాళ్లకు కొబ్బరినూనె దట్టంగా రాసుకోవడం వల్ల ఆడపడుచు తప్పించుకుంది. నాకు వారం రోజులు దురద వదలలేదు.

అయిదో రోజు, పౌర్ణమి

మాఘస్నానం సూర్యోదయానికి ముందే చేయాలి. అత్తయ్య నాలుగున్నరకే లేచింది. ఇద్దరం టార్చి వేసుకుని తీరానికి వెళ్లాం. వెన్నెల్లో రాళ్లు మెరుస్తున్నాయి, నీళ్లు ఎక్కడో దూరంగా సన్నటి గీత. ఆ రాళ్ల మీద ఆమె నడవలేదు. నేను ఏమని చెప్పాలో తెలియక నిలబడ్డాను. ఆమె నా చేయి పట్టుకుని, “సముద్రం వచ్చినప్పుడే స్నానం, అమ్మాయ్. దాని గుమ్మంలోకి మనం వచ్చాం, మన వేళకు అది వస్తుందా” అంది. ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి ఇసుకలో వేశాం. ఆమె కూర్చుంది.

నీళ్లు అలల్లా రాలేదు. రాళ్ల సందుల్లోంచి తాళ్లు పాకినట్టు వచ్చాయి. ముందు ఒక మడుగు నిండి, పొర్లి, పక్క మడుగును కలిసింది. బియ్యపు గింజంత పీతలు బొరియల్లోకి దూరాయి. చిన్నవాడు లేచి వచ్చి, నీటి అంచున ఒక పుల్ల గుచ్చాడు. అది మునగగానే ఇంకో అడుగు వెనక మరొకటి గుచ్చాడు. అలా పుల్లలు గుచ్చుతూ, పరిగెత్తుకెళ్లి నాన్నమ్మకు చెబుతూ, ఏడు నుంచి తొమ్మిది దాకా గడిపాడు. తొమ్మిదింటికి నీళ్లు ఆమె కుర్చీ కాళ్లను తాకాయి. రాళ్లన్నీ మునిగి, ఫోటోలోని ఆకుపచ్చ రంగు మొత్తం తిరిగి వచ్చింది.

నేనూ ఆడపడుచూ చెరో వైపు పట్టుకున్నాం. మోకాళ్ల లోతులో కూర్చుని మూడుసార్లు మునిగింది. లేచి తూర్పు వైపు తిరిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని, తండ్రిగారి పేరు, గోత్రం చెప్పి విడిచింది. మేము నిలబడ్డ తీరం అండమాన్ సముద్రం వైపుది. ఎదురుగా కనిపించే ఆ గీత దాటి వెళ్తే బర్మా తీరమే. అది చెప్పాను. “తెలుసు. ఎండ ఎటు నుంచి వస్తుందో చూస్తున్నాను కదా” అంది.

ఆ రోజు ఆమెకు చేప వద్దు. వంటశాలలో ఉన్న ఆయన బెంగాలీ. నేను హిందీలో తంటాలు పడుతుంటే అత్తయ్య తానే వెళ్లి ఒడియాలో అడిగింది. ఆయన బెంగాలీలో జవాబిచ్చాడు. ఇద్దరికీ పూర్తిగా అర్థమైంది. పెసరపప్పు, వంకాయ వేపుడు, తోటకూర వచ్చాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుకునే మా బరంపురం బతుకు ఇంత దూరంలో అన్నం పెట్టింది.

ఆ రోజు ఇంకెక్కడికీ వెళ్లలేదు.

ఆరో రోజు

నలుగురం పడవలో ఎలిఫెంట్ బీచికి వెళ్లాం. పడవ ఎక్కి దిగడం కష్టమని అత్తయ్య, ఆడపడుచు ఉండిపోయారు. కలప మోసే ఏనుగులు ఒకప్పుడు ఈ దీవుల్లో ఉండేవి. వాటిలో చివరిగా సముద్రంలో ఈదిన రాజన్ అనే ఏనుగు హేవ్‌లాక్‌లోనే 2016లో చనిపోయింది.

కళ్లద్దాల తొడుగు, గొట్టం పెట్టుకుని నీటి మీద బోర్లా తేలడమే ఇక్కడి పని. అమ్మాయి మొదటి అయిదు నిమిషాలు భయపడింది, తర్వాత బయటికి రానంది. నాకు బాగా గుర్తున్నది ఒక చప్పుడు. చిలుక చేప ఒకటి పగడపు రాయిని కొరుకుతోంది, అటుకులు నములుతున్నట్టు కరకరమని నీళ్లలో వినిపించింది. అరగని సున్నాన్ని అది ఇసుకగా వదులుతుంది. ఇక్కడి తెల్లటి ఇసుకలో కొంత అలా తయారైనదే. పగడాలను తాకకూడదు, గవ్వలు ఏరి తేకూడదు. విమానాశ్రయంలో సంచులు చూస్తారు. చిన్నవాడు జేబులో వేసుకున్న శంఖాన్ని వాడి చేతనే తిరిగి ఇసుకలో పెట్టించాను. కాసేపటికి దానికి కాళ్లు వచ్చి నడిచిపోయింది. లోపల సన్యాసి పీత ఉంది.

ఏడో రోజు, ఎనిమిదో రోజు

పొద్దున్నే సంచులు సర్దుకుని కూర్చున్నాక, గాలి ఎక్కువగా ఉందని మా ఓడ రద్దు చేశారని ఫోను వచ్చింది. జెట్టీ దగ్గర ఒక కుటుంబం ఏడుస్తోంది. వాళ్ల విమానం ఆ మధ్యాహ్నానికే. మా విమానానికి ఇంకా రెండు రోజులుంది. మావారు నా వైపు చూసి, “నీల్ వదిలేయడమే మంచిదైంది” అన్నారు. ఆ మాట కోసం నేనేమీ ఎదురు చూడలేదు గానీ, విన్నప్పుడు గుండె తేలికపడింది. గదికి ఇంకో రాత్రి డబ్బు కట్టాం. ఆ రోజు పోటు పదకొండున్నరకు వచ్చింది. అప్పటికి పిల్లలు గడియారం చూడకుండానే దాని వేళ చెప్పగలుగుతున్నారు.

మర్నాడు గాలి తగ్గింది. సాయంత్రానికి పోర్ట్ బ్లెయిర్ చేరాం.

తొమ్మిదో రోజు, పదో రోజు

విమానాశ్రయానికి డొంకూరు అబ్బాయే వచ్చాడు. అత్తయ్య పెట్టె తెరిపించి, సగం మిగిలిన ఆవకాయ సీసా అతని చేతిలో పెట్టింది. అతను మూత తీసి వాసన చూసి, కాసేపు మాట్లాడలేదు. “ఊరికి వెళ్లి నాలుగేళ్లయింది అమ్మా. రైల్లో ఇచ్ఛాపురం దాటుతారు కదా” అన్నాడు.

ఆ రాత్రి చెన్నైలో ఉండి, పొద్దున కోరమండల్ ఎక్కాం. పలాస దాటేసరికి పిల్లలు నిద్రపోయారు. అత్తయ్య పడుకోలేదు, అద్దానికి చేయి అడ్డుపెట్టుకుని చీకట్లోకి చూస్తూ కూర్చుంది. రైలు ఆగకుండా ఇచ్ఛాపురం స్టేషను దాటుతుండగా చిన్నవాడిని తట్టి లేపి, “చూడు నాన్నా, ఆటో అబ్బాయి ఊరు” అంది. వాడు సగం కళ్లతో లేచి, దాటిపోతున్న దీపాలకు చేయి ఊపాడు. బరంపురం ఇంకో అరగంటలోపే. మేము పై బెర్తుల మీది సామాను దించడం మొదలుపెట్టాం.